71 మార్కుల గేమ్ కొనాలా వద్దా? ఒకరు 5 ఇచ్చారు, ఇంకొకరు 8 ఇచ్చారు

గడియారస్తంభం_నల్లగొండ
నా దగ్గర పాత పీఎస్4 గేమ్ మెషీన్ ఉంది. డేస్ గాన్ అనే గేమ్ డిస్కు సెకండ్ హ్యాండ్‌లో 900 రూపాయలకు ఇస్తానని ఒకాయన అన్నాడు. కొనేముందు రివ్యూలు చదువుదామని కూర్చున్నా. రెండు రోజులైంది, ఇంకా తేలలేదు. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ సైటులో వందకు 71 ఉంది. రివ్యూ సైట్లలో ఐజీఎన్ పదికి 6.5 ఇచ్చింది, గేమ్‌స్పాట్ 5 ఇచ్చింది. అదే గేమ్‌కు 8 ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకరు బైకు మీద అడవిలో తిరగడమే ఈ గేమ్‌కు ప్రాణం అంటారు, ఇంకొకరు ఆ బైకుకు మాటిమాటికీ పెట్రోల్ పోయలేక విసుగొచ్చింది అంటారు. ఇద్దరూ ఆడింది ఒకే గేమా అని అనుమానం వస్తోంది.

నేను మెడికల్ షాపులో పనిచేస్తా. రాత్రి పదిన్నరకు షట్టర్ దించి, ఇంటికొచ్చి తిన్నాక ఒక గంట దొరుకుతుంది. రెండు మూడు నెలలకు ఒక గేమ్ కొంటా, అంతే. పోయిన దసరాకు అందరూ మస్తుంది అన్న గేమ్ ఒకటి కొని మూడో రోజుకే పక్కన పెట్టేశా. అప్పటి నుంచి పైసలు పెట్టాలంటే భయం. విమర్శకులు ఇట్లా సగం సగం చీలిపోతే ఎవరి మాట పట్టుకోవాలి? 71 అంటే బాగున్నట్టా, బాగాలేనట్టా?

జడ్చర్ల_చౌరస్తా
ఎవరి మాటా పట్టుకోకు తమ్మీ. ఆ సైట్లకు గేములు ఫ్రీగా వస్తాయి. 900 పెట్టి కొన్నోడి బాధ వాళ్లకేం తెలుసు?

దేవరకొండ_ఖిల్లా
71 అంటే ఫస్ట్ క్లాస్ కదా అన్నా. నాకు ఇంటర్‌లో 71 శాతం వస్తే మా ఇంట్లో స్వీట్లు పంచారు.

కృష్ణా_తీరం_గద్వాల
అక్కడే వచ్చింది తిరకాసు. మన పరీక్షల్లో 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్. గేముల లెక్క వేరు. మెటాక్రిటిక్‌లో 75, ఆపైన వస్తేనే ఆకుపచ్చ. 50 నుంచి 74 దాకా పసుపు, అంతకంటే తక్కువైతే ఎరుపు. అదే సైటులో సినిమాకు 61 వస్తే చాలు, ఆకుపచ్చ పడుతుంది. అంటే 71 వచ్చిన సినిమా బాగున్నట్టు, 71 వచ్చిన గేమ్ అంతంతమాత్రం అన్నట్టు.

ఎందుకిట్లా అంటే, పెద్ద సైట్లు పదిలో కింది సగాన్ని చాలా అరుదుగా వాడతాయి. ఆగకుండా నడిచే ప్రతి గేమ్ ఆరు దగ్గర మొదలవుతుంది. అందుకే ఏడు చూడగానే జనం 'యావరేజ్' అనుకుని పక్క గేమ్‌కు వెళ్లిపోతారు. గడియారస్తంభం తమ్ముడు పెట్టుకున్న భయం కూడా ఆ పసుపు రంగు వల్ల వచ్చిందే.

సైన్స్_మేడమ్_వనపర్తి
ఆ పసుపు రంగు పక్కన 'మిశ్రమం లేదా సగటు' అని అర్థం వచ్చేట్టు రాస్తారు. నాకు ఆ మాట దగ్గరే అభ్యంతరం. మిశ్రమం వేరు, సగటు వేరు. రెండిటినీ ఒకే డబ్బాలో ఎలా వేస్తారు?

నా క్లాసులో ఒక పాపకు లెక్కల్లో 70, హిందీలో 70 వచ్చాయి. ఒక బాబుకు లెక్కల్లో 98, హిందీలో 42 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు అడుగున ఇద్దరికీ 70 శాతమే. ఆ బాబును ఎవరైనా మామూలు విద్యార్థి అంటే నేను ఒప్పుకోను. వాడికి దేంట్లో 98 వచ్చిందో, దేంట్లో 42 వచ్చిందో తెలిస్తేనే వాడి గురించి తెలిసినట్టు.

ఇంకో మాట. నేను చాలా ఏళ్లు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లాను. ఏ స్టెప్పుకు ఎన్ని మార్కులు వేయాలో ముందే కాగితం ఇస్తారు. నేను దిద్దిన పేపర్లలో కొన్నిటిని చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తారు. అంత పకడ్బందీగా చేసినా ఇద్దరు టీచర్ల మధ్య రెండు మూడు మార్కుల తేడా వస్తుంది. గేములకు అలాంటి కాగితమే లేదు. ఒకరు కథకు వేస్తారు, ఒకరు బొమ్మలకు వేస్తారు, ఒకరు తుపాకీ పేలిన తీరుకు వేస్తారు. వాళ్లు చీలిపోవడంలో నాకు వింత కనబడదు. అందరికీ ఒకే మార్కు వస్తేనే అనుమానపడతాను.

(మా అబ్బాయికి ఏ గేమ్ కొనాలో చూద్దామని ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు వాడికంటే నేనే ఎక్కువ ఆడుతున్నాను.)

దేవరకొండ_ఖిల్లా
మేడమ్, ఆ హిందీ 42 నాదే అనుకోండి.

పిల్లలమర్రి_పాలమూరు
మేడమ్ చెప్పిన లెక్కకు సరిగ్గా సరిపోయే గేమ్ ఒకటుంది. డెడ్లీ ప్రెమొనిషన్, 2010లో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది. అమెరికా ఐజీఎన్ దానికి పదికి 2 ఇచ్చింది. డిస్ట్రక్టాయిడ్ అనే సైటు పదికి 10 ఇచ్చింది. విమర్శకులను అంతగా చీల్చిన సర్వైవల్ హారర్ గేమ్ ఇదేనని గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు. సగటు 68 దగ్గర ఆగింది. 2 ఇచ్చినాయనను అడిగినా, 10 ఇచ్చినాయనను అడిగినా ఆ 68 మాది కాదనే అంటారు.

జపాన్ పత్రిక ఫామిట్సు పద్ధతి నాకు కొంత నయం అనిపిస్తుంది. ఒకే గేమ్‌ను నలుగురు చూస్తారు, తలా పదికి మార్కులేస్తారు, మొత్తం నలభైకి. నలుగురి మార్కులూ విడివిడిగా అచ్చు వేస్తారు. 9, 9, 6, 5 అని కనబడితే ఇక్కడ ఏదో తేడా ఉందని చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. మొదటిసారి నలభైకి నలభై వచ్చింది 1998లో ఒకారినా ఆఫ్ టైమ్ అనే గేమ్‌కు.

జడ్చర్ల_చౌరస్తా
మీరంతా మార్కుల లెక్కలు వేస్తున్నారు కానీ పైసల లెక్క వేయట్లేదు. నేను ఉత్తగా అనట్లేదు. 2007లో కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కు గేమ్‌స్పాట్‌లో జెఫ్ గెర్‌స్ట్‌మన్ అనే ఆయన పదికి 6 ఇచ్చాడు. అప్పుడు ఆ సైటు నిండా ఆ గేమ్ ప్రకటనలే. కొన్ని రోజులకే ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనలిచ్చే కంపెనీల ఒత్తిడి ఉందని 2012లో ఆయనే బయటికి చెప్పాడు. మరి ఎట్లా నమ్మమంటారు?

కృష్ణా_తీరం_గద్వాల
అదే ముచ్చటను రెండో వైపు నుంచి కూడా చూడు జడ్చర్ల అన్నా. ఆ మనిషి 8 రాసి ఉంటే ఏ లొల్లీ ఉండేది కాదు. తనకు అనిపించిన 6 రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది జెయింట్ బాంబ్ అని సొంత సైటు పెట్టుకుంటే చదివేవాళ్లు ఆయన వెంటే వెళ్లారు. విమర్శకులంతా అమ్ముడుపోయారని నువ్వు చూపించిన సాక్ష్యంలో ఉన్న విమర్శకుడు మాత్రం అమ్ముడుపోలేదు. యాజమాన్యాన్ని అను, నేనూ ఒప్పుకుంటా. రాసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకు.

జడ్చర్ల_చౌరస్తా
సరే, ఆయన వరకు ఒప్పుకుంటా. ఫ్రీగా ఆడేవాడికి, కొని ఆడేవాడికి తేడా ఉంటుందన్న మాట మీద మాత్రం నేను కదలను.

మిల్లు_మిర్యాల
మీరు చెప్పే గేములు సగం నేను ఆడలేదు. కానీ విమర్శకులు మామూలు గేమ్ అన్నది మా ఊరినే ఏలిన సంగతి చెప్తా.

2003, 2004 ప్రాంతంలో మిర్యాలగూడలో నెట్ సెంటర్‌కు పోయేవాళ్లం. గంటకు 20 రూపాయలు. అక్కడ ప్రాజెక్ట్ ఐజీఐ ఉండేది. నార్వేలోని ఇన్నర్‌లూప్ అనే స్టూడియో చేసింది, 2000 చివర్లో విడుదలైంది. ఈమధ్య ఆనాటి రివ్యూలు వెతికి చదివా. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదని, శత్రువులకు బుర్ర లేదని, మల్టీప్లేయర్ లేదని చీవాట్లు పెట్టారు. కొందరు బాగుందన్నారు, కొందరు పెదవి విరిచారు. మా వాళ్లలో ఎవరికీ ఆ సంగతే తెలియదు.

ఆ సేవ్ గురించి రాసింది మాత్రం అక్షరం అక్షరం నిజం. మిషన్ చివరికొచ్చాక కరెంటు పోయేది. అప్పట్లో కోతలు ఎట్లుండేవో మీకు తెలుసు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి కంచె దగ్గర నుంచే మొదలు, మళ్లీ ఇంకో 20 రూపాయలు. దానికి మేం ఏడ్చినంతగా ఏ విమర్శకుడూ ఏడ్చి ఉండడు. అయినా మర్నాడు సాయంత్రానికి అదే కుర్చీ కోసం కొట్లాడేవాళ్లం. సేవ్ లేదు కాబట్టే ఒక్కో అడుగుకూ గుండె దడదడలాడేది. వెనక నిలబడ్డ సోపతిగాళ్లు 'ఎడమ పక్క టవర్ మీద ఒకడున్నాడు' అని అరుస్తుంటే చెయ్యి చెమటలు పట్టేది. అలారం మోగితే అందరం ఒకేసారి తిట్టుకునేవాళ్లం.

నేను చెప్పేది ఇంతే. లోపం ఉందని వాళ్లు రాసింది సరిగ్గానే రాశారు. ఆ లోపం నాకెంత బరువో వాళ్లు చెప్పలేరు, చెప్పమని అడగడం కూడా తప్పే.

సాగర్_26గేట్లు
మిల్లు అన్నా, అది గేమ్ గొప్పతనం కాదు, సోపతి గొప్పతనం. ఆ వయసులో ఏ గేమ్ పెట్టినా అట్లనే ఉండేది.

మిల్లు_మిర్యాల
అట్లా అయితే అదే కంప్యూటర్‌లో వైస్ సిటీ కూడా ఉండేది తమ్మీ. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న గేమ్ అది. అది ఖాళీగా ఉన్నా ఐజీఐ కోసం ఆగినోళ్లం మేం.

సాగర్_26గేట్లు
వైస్ సిటీ ఖాళీగా ఉండటం మాత్రం నేను నమ్మను అన్నా.

నారాయణపేట_అంచు
నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో గేమ్ టెస్టింగ్ చేస్తాను, స్టూడియో పేరు వద్దు. మీరంతా కొనేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు కాబట్టి తయారుచేసేవాళ్ల వైపు నుంచి ఒక సంగతి చెప్పాలనిపించింది.

విడుదలైన రోజు విమర్శకులు పట్టుకునే బగ్స్‌లో (గేమ్‌లోని తప్పుల్లో) చాలావరకు మాకు ముందే తెలిసినవే. మేం రాసిపెట్టిన జాబితాలో ఉంటాయి. తేదీ మాత్రం జరగదు. ఏది సరిచేయాలి, ఏది వదిలేయాలి అని పైవాళ్లు నిర్ణయిస్తారు. నేను మూడు వారాలు వెంటపడి పట్టుకున్న ఒక బగ్ అట్లాగే బయటికి వెళ్లింది. తర్వాత ఒక రివ్యూలో దాని గురించి రెండు లైన్లు చదివి ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఇక ఆ సగటు నంబర్ సంగతి. ఫాలౌట్ న్యూ వేగస్ 2010లో వచ్చింది. అబ్సిడియన్ అనే స్టూడియో దాన్ని సుమారు ఏడాదిన్నరలో చేసింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే స్టూడియోకు బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఈ సంగతి తర్వాత ఆ స్టూడియోలోని క్రిస్ అవెలోన్ బయటపెట్టారు. విడుదలైనప్పుడు బగ్స్ నిజంగానే చాలా ఉన్నాయి, మార్కులు తగ్గించినవాళ్లను తప్పు పట్టను. అయితే ఈ రోజు ఆ గేమ్‌ను ఎంతమంది ప్రేమగా తలుచుకుంటారో మీకే తెలుసు. ఒక్క మార్కు దగ్గర అంతమంది కష్టం ఆగిపోయింది.

ఆ సగటు కూడా సూటి సగటు కాదు. మెటాక్రిటిక్ కొన్ని పత్రికల మాటకు ఎక్కువ తూకం ఇస్తుంది, ఎవరికి ఎంత అనేది చెప్పదు. 2015లో వచ్చిన ఓపెన్‌క్రిటిక్ మాత్రం తూకాలు లేకుండా సగటు తీస్తుంది.

సైన్స్_మేడమ్_వనపర్తి
అంచు, చదువుతుంటే బాధేసింది. తూకం వేసి, ఆ తూకం ఎంతో చెప్పకపోవడం ఏ వాల్యుయేషన్‌లోనూ ఒప్పుకోరమ్మా. మా దగ్గర అయితే రీకౌంటింగ్‌కు పెట్టుకునేవాళ్లు.

దేవరకొండ_ఖిల్లా
అక్కా, మీ బగ్ ఏంటో చెప్పండి, మేం చూసి ఉంటామేమో.

నారాయణపేట_అంచు
చెప్తే స్టూడియో పేరు చెప్పినట్టే అవుతుంది తమ్ముడూ. వదిలెయ్.

సాగర్_26గేట్లు
క్రికెట్ గేముల ముచ్చట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతా. మెటాక్రిటిక్‌లో సగటు పడాలంటే కనీసం నాలుగు రివ్యూలైనా ఉండాలి. క్రికెట్ గేమ్‌కు ఆ నాలుగు దొరకడమే కష్టం. పెద్ద అమెరికా సైట్లలో లెగ్ కట్టర్‌కు, ఆఫ్ కట్టర్‌కు తేడా తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈఏ వాళ్ల క్రికెట్ 07 చూడండి. 2006 చివర్లో వచ్చింది. ఇండియా టీమ్‌కు లైసెన్స్ లేక పేర్లన్నీ మార్చేశారు. ఫీల్డర్లు ఎక్కడికి పరిగెడతారో వాళ్లకే తెలియదు. మంచి మార్కులు ఎందుకు పడలేదో నాకు తెలుసు. కానీ మనవాళ్లు ఇప్పటికీ కొత్త టీములు, కొత్త జెర్సీలు ప్యాచ్‌లుగా (గేమ్‌కు జతచేసే ఫైళ్లుగా) చేసి ఆడుతూనే ఉన్నారు. మా ఇంట్లో పాత కంప్యూటర్ అమ్మేయకుండా ఆపింది అదొక్కటే.

అట్లని క్రికెట్ గేమ్ అయితే చాలు, అన్నీ మంచివే అని కూడా అనను. యాషెస్ క్రికెట్ 2013 విడుదలైన కొద్ది రోజులకే అమ్మకం ఆపేసి పైసలు వెనక్కిచ్చారు. దానికి వచ్చిన తిట్లన్నీ న్యాయమైనవే.

దేవరకొండ_ఖిల్లా
నాది పీసీ. పీసీ గేములు అమ్మే స్టీమ్ సైటులో కొన్నాక 14 రోజుల లోపు, రెండు గంటల లోపు ఆడి ఉంటే పైసలు వెనక్కి ఇస్తారు. కాబట్టి నాకు రివ్యూల భయం తక్కువ. డిస్కు కొనేవాళ్లకు ఆ సదుపాయం లేదు, పాపం.

నేను చెప్పాలనుకున్నది రాజీ గురించి. రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్, పుణెలోని నాడింగ్ హెడ్స్ వాళ్లు చేశారు, 2020లో వచ్చింది. తమ్ముడు గోలును రాక్షసులు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయి కథ. బొమ్మలు, సంగీతం బాగున్నాయని చాలామంది రాశారు. కొట్లాటలు తేలిపోయాయని, తొందరగా అయిపోయిందని, ముగింపు హఠాత్తుగా ఉందని కూడా రాశారు. అదీ పసుపు రంగులోనే పడింది.

నేను ఆడాక ఆ తిట్లలో ఒక్కటి కూడా అబద్ధం అనిపించలేదు. చివర్లో నాకూ కోపం వచ్చింది. కానీ ఆ గేమ్‌లో గోడల మీద దేవుళ్ల కథల బొమ్మలుంటాయి. వెనక బట్టలు మడతపెడుతున్న మా అమ్మ ఆ బొమ్మలు చూసి వచ్చి కూర్చుంది. గేమ్ చెప్పని కథలు కూడా ఆమే చెప్పింది. నేను గేమ్ ఆడుతుంటే అమ్మ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. దానికి నేను ఎన్ని మార్కులు వేయాలి?

సైన్స్_మేడమ్_వనపర్తి
మీ అమ్మగారికి పూర్తి మార్కులు వెయ్యి నాన్నా. గేమ్‌కు నీ ఇష్టం.

పేట_గేమింగ్
సూర్యాపేట నుంచి తెలుగులో రివ్యూల ఛానల్ నడుపుతున్నా, చిన్నదే. జడ్చర్ల అన్న గమనించాలి, నేను ప్రతి గేమ్ సొంత పైసలతో కొంటా, లేదా సోపతిగాళ్ల దగ్గర తెచ్చుకుంటా.

మామూలు గేమ్ మీద రివ్యూ చేయడం ఎంత కష్టమో చెప్తా. గొప్ప గేమ్ అయితే పొగిడితే అయిపోతుంది. చెత్త గేమ్ అయితే తిట్టొచ్చు, జనం నవ్వుతూ చూస్తారు. 'పర్లేదు, ఇట్లాంటివాళ్లకు నచ్చుతుంది' అని చెప్పే వీడియో ఎవరూ నొక్కరు. ఒకసారి ఒక గేమ్‌కు 'కొన్ని బాగున్నాయి, కొన్ని బాగాలేవు' అని నిజాయితీగా పేరు పెట్టా. వారం తర్వాత పేరు మార్చి 'మోసం' అని పెట్టగానే చూసేవాళ్లు ఎగబడ్డారు. లోపల వీడియో మాత్రం అదే. ఆ రోజు నాకు సంతోషం కలగలేదు. తర్వాత మళ్లీ పాత పేరే పెట్టేశా.

అందుకే తెలుగు యూట్యూబ్‌లో మీకు రెండే కనబడతాయి, ఒకటి మాస్టర్‌పీస్, రెండు చెత్త. మధ్యలోవి మీదాకా రావు.

జడ్చర్ల_చౌరస్తా
పేట తమ్మీ, పేరు వెనక్కి మార్చావు చూడు, దానికి నీ ఛానల్‌లో చేరుతున్నా. లింక్ పంపు.

కృష్ణా_తీరం_గద్వాల
విమర్శకుల తరఫున ఇంకో మాట చెప్పాలి. వాళ్లు ఎట్లా ఆడతారో చూడండి. గేమ్ విడుదలకు కొన్ని రోజుల ముందు దాన్ని దించుకుని ఆడేందుకు కోడ్ వస్తుంది. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఏమీ రాయొద్దని షరతు ఉంటుంది. ఆ లోపు ముప్పై నలభై గంటల గేమ్ పూర్తి చేసి రాయాలి. రోజుకు ఏడెనిమిది గంటలు ఒకే పని చేస్తే ఏది విసుగు పుట్టదు? డేస్ గాన్ మీద వచ్చిన పెద్ద ఫిర్యాదే చేసిన పని మళ్లీ మళ్లీ చేయించారని. రాత్రి ఒక గంట ఆడే తమ్ముడికి ఆ విసుగు అంతే ఉంటుందా? పాయసం ఒక గిన్నె తిన్నవాడికి, బిందె తాగినవాడికి రుచి ఒకటే ఉండదు కదా.

కంపెనీలు ఆ షరతులతో ఆడుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అమెరికాలో అర్ధరాత్రి నుంచే అమ్మారు, రివ్యూలు మాత్రం ఆ మధ్యాహ్నం దాకా బయటికి రాకుండా ఆపారు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077కు ముందుగా పీసీ కోడ్లే ఇచ్చారు. పీసీలో 86 వచ్చింది. అది చూసి పీఎస్4 మీద కొన్నవాళ్లు ఆగమాగమయ్యారు. పీఎస్4 సగటు 57 దగ్గర తేలింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసి, 2021 జూన్‌లో మళ్లీ పెట్టింది. కాబట్టి తమ్మీ, నంబర్ చూసేటప్పుడు అది ఏ మెషీన్ మీదిదో తప్పకుండా చూడు.

మిల్లు_మిర్యాల
మళ్లీ మళ్లీ చేయించడం విసుగే గద్వాల తమ్మీ, గంట ఆడినా విసుగే. మిల్లులో రోజూ అదే పని చేసి ఇంటికొచ్చి గేమ్‌లో కూడా అదే పని చేయమంటే నేను చేయను.

పిల్లలమర్రి_పాలమూరు
డేస్ గాన్ పూర్తిగా ఆడినవాడిని ఇక్కడ నేనొక్కడినే ఉన్నట్టున్నా. తమ్ముడు అడిగిన దానికి నేరుగా చెప్తా.

మొదటి ఐదారు గంటలు నిజంగా నీరసం. బైకు చప్పగా ఉంటుంది, పెట్రోల్ ట్యాంకు చిన్నది, తుపాకీ కుదురుగా నిలవదు. 5 ఇచ్చినాయన చెప్పిన విసుగు ఉన్నదే. నీరో అనే క్యాంపులు ఉంటాయి. ప్రతిచోటా ముందు స్పీకర్ల వైర్లు తెంపాలి, లేకపోతే చప్పుడుకు ఫ్రీకర్లు (ఈ గేమ్‌లో జాంబీల్లాంటివి) వచ్చిపడతాయి. తర్వాత జనరేటర్‌లో పెట్రోల్ పోయాలి. అట్లాంటివి చాలా ఉన్నాయి. ఫ్రీకర్ల గూళ్లు తగలబెట్టడం ఇంకొకటి. మిల్లు అన్నకు ఇది అస్సలు పడదు.

ఆ తర్వాత బైకుకు పెద్ద ట్యాంకు వేయించుకుంటావు, ఇంజిన్ మారుస్తావు. పాడైతే దారిలో పడున్న కార్ల బానెట్లు ఎత్తి తుక్కు ఏరుకొచ్చి నువ్వే బాగుచేసుకుంటావు. గేమ్ సేవ్ చేసుకోవాలన్నా బైకు దగ్గరికో, పడక దగ్గరికో రావాల్సిందే. కొన్నాళ్లకు ఆ బైకు నీ సొంత బండి అయిపోతుంది. నాకు మొదటి హీరో హోండా కొన్న రోజులు గుర్తొచ్చాయి. చెయ్యి జారితే గీత పడుతుందేమోనన్న భయం కూడా అట్లాగే. ఆ తర్వాత ఒక రాత్రి కొండ దిగుతుంటే వందలమంది ఫ్రీకర్లు ఒక్కసారిగా కదిలి మీదికి వస్తారు. అట్లాంటిది నేను వేరే గేమ్‌లో చూడలేదు. 8 ఇచ్చినాయన చెప్పింది కూడా ఉన్నదే.

2019 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు బగ్స్ ఎక్కువ, బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఆ రివ్యూలు ఆ రోజుల్లోవి. తర్వాత చాలా ప్యాచ్‌లు వచ్చాయి. పాత డిస్కు వేస్తే అప్‌డేట్ తప్పకుండా దించుకో, పెద్దది. మొబైల్ డేటాతో పెట్టుకోకు, ఎవరిదైనా వైఫై చూసుకో.

ఇంకా, 900 ఎందుకు పెడతావు? నా డిస్కు అల్మారాలో ఊరికే ఉంది. ఆర్టీసీ కార్గోలో నల్లగొండకు పంపిస్తా. ఆడి వెనక్కి పంపు. అడ్రస్ ఇక్కడ పెట్టకు, విడిగా మెసేజ్ చెయ్.

జడ్చర్ల_చౌరస్తా
ఇదే నాకు కావాల్సిన రివ్యూ. పిల్లలమర్రి అన్న ఫ్రీగా ఆడలేదు, కొని ఆడాడు. అందుకే ట్యాంకు సైజు దగ్గర నుంచి చెప్పాడు.

నేనూ ఒకటి చెప్తా. మ్యాడ్ మ్యాక్స్, 2015 సెప్టెంబర్ 1న వచ్చింది. అదే రోజు మెటల్ గేర్ సాలిడ్ 5 కూడా వచ్చింది. దానికి 90కి పైన మార్కులు, దీనికి 69. దీని వైపు చూసినోడే లేడు. నేను సెకండ్ హ్యాండ్‌లో కొని రెండు నెలలు ఆ ఎడారి వదల్లేదు. కోటలు గెలవడం మళ్లీ మళ్లీ అదే, కాదనను. ఆ దుమ్ము తుఫాను వచ్చినప్పుడు కారు దిగాలంటే భయమేసేది చూడు, ఆ భయం కోసం ఆడా.

సైన్స్_మేడమ్_వనపర్తి
పిల్లలమర్రి గారి పోస్టు చూశాక నేను చేసే పద్ధతి చెప్పాలనిపించింది. చీలిపోయిన గేమ్ అనిపిస్తే నేను అన్నిటికంటే తక్కువ మార్కులు ఇచ్చినవారి రివ్యూ ముందు చదువుతాను. వారికి ఏది నచ్చలేదో కాగితం మీద రాసుకుంటాను. తర్వాత ఎక్కువ ఇచ్చినవారిది చదువుతాను. చాలాసార్లు ఇద్దరూ ఒకే సంగతి చెబుతారు. ఒకరికి అది విసుగు, ఇంకొకరికి అది సరదా. అక్కడ ఆగి, నాకు అది విసుగా సరదానా అని అడుగుతాను. డేస్ గాన్‌లో ఆ సంగతి పెట్రోల్. గడియారస్తంభం, నీకు పెట్రోల్ పోసుకోవడం విసుగా బాబూ?

గడియారస్తంభం_నల్లగొండ
మేడమ్, నా బండికి రోజూ వంద రూపాయల పెట్రోలే కొట్టిస్తా. ట్యాంకు నిండా ఎప్పుడూ కొట్టించలేదు. ముల్లు ఎక్కడుందో చూసుకుంటూ నడపడం అలవాటే.

పిల్లలమర్రి అన్నా, మెసేజ్ పెట్టా. ఏమనాలో తెలియట్లేదు. డిస్కును కంటికి రెప్పలా చూసుకుంటా.

సాగర్_26గేట్లు
ఇక తేలిపోయింది. ఆ గేమ్ నీదే.

నారాయణపేట_అంచు
ఆడాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఎంత తిట్టాలనిపించినా రాయండి. తయారుచేసేవాళ్లు ఇలాంటివి వెతుక్కుని చదువుతారు. నేను చదువుతాను.

గడియారస్తంభం_నల్లగొండ
పదకొండు రోజుల తర్వాత వచ్చా. డిస్కు మర్నాడే అందింది, పాత పేపర్లో నాలుగు చుట్లు చుట్టి పంపాడు అన్న. అప్‌డేట్ షాపు పక్కన వాళ్ల వైఫైతో రాత్రంతా దించా.

మొదటి నాలుగు రాత్రులు మనసులో 5 అనే అనుకున్నా. ఎటు పోయినా అదే స్పీకర్, అదే జనరేటర్. రెండుసార్లు ఆపేద్దామనుకున్నా. ఏడో రాత్రి వాన పడుతోంది, గేమ్‌లో. క్యాంపుకు ఇంకా దూరం ఉంది, పెట్రోల్ అయిపోయింది. బైకు అక్కడే వదిలేసి నడుచుకుంటూ వెతికా. చీకట్లో ఒక పాడుబడ్డ ఇంటి వెనక డబ్బా దొరికింది. దాన్ని మోసుకుంటూ బైకు దగ్గరికి వస్తుంటే దూరంగా గుంపు అరుపు వినబడింది. పరిగెత్తి, పోసి, కిక్ కొట్టి బయటపడేసరికి పన్నెండు దాటింది. గంటే ఆడదామని కూర్చున్నవాడిని రెండింటికి లేచా. పొద్దున షాపులో ఆవలింతలు.

అంచు అక్కా, బగ్ కూడా ఒకటి దొరికింది. ఒకచోట ఫ్రీకర్ గోడలో సగం ఇరుక్కుని కాళ్లు ఆడించాడు. ఎవరో ముందే జాబితాలో రాసే ఉంటారు, మీరు చెప్పినట్టు.

నన్నడిగితే ఇప్పటికి 7 వేస్తా. పేట అన్న చెప్పినట్టు నా రివ్యూకు పేరు పెట్టాల్సి వస్తే 'రాత్రి పూట గంట ఆడేవాళ్లకు' అని పెడతా. ఇంకా సగం కూడా కాలేదు. అన్నా, డిస్కు వచ్చే నెల పంపితే పర్వాలేదా?

పిల్లలమర్రి_పాలమూరు
తొందరేం లేదు. సామిల్ దగ్గరి గుంపు దాకా వచ్చాక చెప్పు. అక్కడికి పోయేముందు ట్యాంకు మాత్రం నిండా కొట్టించుకో.